సుంకం పెంచితే రైతుకు లాభమే అనుకుందాం, మరి కూలీకి?

సందేహాలరాయుడు
వార్తల్లో ఎప్పుడూ ఒకటే పాట. ఫలానా దేశం దిగుమతి సుంకం పెంచింది, రైతుకు మేలు. ఫలానా ప్రభుత్వం సబ్సిడీ ప్రకటించింది, రైతుకు మేలు. ఆ రైతు ఎవరో మాత్రం ఎవరూ చెప్పరు. వెయ్యి ఎకరాలు యంత్రాలతో చేయించే ఆసామీ రైతే, రెండెకరాలు కౌలుకు తీసుకున్నవాడూ రైతే. ఇక కలుపు తీసేవాళ్లు, కోతకొచ్చేవాళ్లు అసలు లెక్కలోకే రారు. సుంకం వేసినా, సబ్సిడీ ఇచ్చినా అందులో కూలీ దాకా చేరేది ఏమైనా ఉంటుందా? తెలిసినవాళ్లు ఉదాహరణలతో చెప్పండి. ఏ దేశం సంగతైనా సరే. పార్టీల గొడవ మాత్రం వద్దు.

పద్దులపుస్తకం
ముందు సుంకం సంగతి చూద్దాం. బయటి నుంచి వచ్చే సరుకు మీద సుంకం వేస్తే అది ఖరీదవుతుంది. దాన్ని చూసుకుని లోపల పండిన సరుకు ధరా పెరుగుతుంది. అమ్మేవాడికి లాభం, కొనేవాడికి భారం. ఎంత ఎక్కువ అమ్మితే అంత లాభం కాబట్టి పెద్ద కమతం ఉన్నవాడికే పెద్ద వాటా. తిండిగింజలు పండిస్తూ కూడా ఏడాది పొడుగునా చాలక మళ్లీ కొనుక్కునే చిన్న రైతులు ప్రపంచంలో కోట్లమంది ఉన్నారు. ధర పెరిగితే వాళ్లు కూడా నష్టపోయేవాళ్లలోనే ఉంటారు.

కూలీ అమ్మేది తన కష్టం, కొనేది తిండి. తిండి ధర వెంటనే పెరుగుతుంది. కూలి రేటు పెరగాలంటే ఆ పంట విస్తీర్ణం పెరగాలి, పనిరోజులు పెరగాలి, మనుషులకు గిరాకీ రావాలి. దానికి ఒకటి రెండు సీజన్లు పట్టొచ్చు, లేదా అసలు రాకపోవచ్చు. 2007-08లో భారత్, వియత్నాం బియ్యం ఎగుమతులకు అడ్డుకట్ట వేసినప్పుడు అంతర్జాతీయ మార్కెట్లో టన్ను ధర నెలల్లోనే 1,000 డాలర్ల దగ్గరికి పోయింది. ఆ వేగంతో కూలి పెంచే దేశం ఉందా?

ఇంకోటి. ఎరువుల మీద, ట్రాక్టర్ విడిభాగాల మీద వేసే సుంకం రైతుకు ఎదురు తగులుతుంది. పంట మీద సుంకం గురించి జరిగే చర్చలో పదో వంతు కూడా దీని మీద జరగదు.

నాగలిచాలు
పద్దులపుస్తకం గారూ, సుంకం వేస్తే ఏమవుతుందో బాగా చెప్పారు. తీసేస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి కదా.

కరీబియన్ దేశం హైతీని తీసుకోండి. 1980ల మొదట్లో తనకు కావాల్సిన బియ్యంలో చాలావరకు తనే పండించుకునేది. 1995లో బియ్యం మీద సుంకాన్ని 3 శాతానికి దించారు. అమెరికాలో సబ్సిడీతో పండిన బియ్యం వచ్చి పడింది. ఆర్టిబొనైట్ లోయలో వరి రైతులు దాని ధరతో పోటీ పడలేకపోయారు. రైతు మడి వదిలేశాక నాట్లకు పిలిచేదెవరు? 2010 మార్చిలో అమెరికా మాజీ అధ్యక్షుడు బిల్ క్లింటన్ సెనేట్ కమిటీ ముందు ఈ మాట ఒప్పుకున్నాడు. ఆ విధానం తన సొంత రాష్ట్రం అర్కాన్సాలో రైతులకు మంచి చేసి ఉండొచ్చు గానీ హైతీకి పనికిరాలేదు, అది తప్పు అని. ఒప్పుకున్నాడు సరే, మూసుకుపోయిన మడులు తెరుచుకుంటాయా?

చౌక బియ్యం వల్ల పట్నం పేదకు కొన్నాళ్లు సుఖమే. ఆ తర్వాత మీరు చెప్పిన 2008 వచ్చింది. తిండి ధరల మీద అల్లర్లు లేచి ఆ ఏప్రిల్లో హైతీ ప్రధాని పదవే ఊడింది.

గట్టుమీదవేప
ఇద్దరూ ఒకటే చెప్తున్నారుగా :) ధర పెరిగితే కూలీ నోటి దగ్గర కూడు పోతుంది, ధర పడిపోతే చేతిలో పని పోతుంది.

నాగలిచాలు
ఒకటి కాదండీ. పనంటూ ఉంటే కూలి కోసం బేరమాడొచ్చు. పనే లేకపోతే దేని మీద బేరం?

పాతకాగితాలు
బేరం మాట వచ్చింది కాబట్టి 1930ల నాటి అమెరికా పత్తి కథ చెప్పాల్సిందే. కాస్త పెద్దది, ఓపిక పట్టండి. పైనుంచి మంచి ఉద్దేశంతో వచ్చిన సబ్సిడీ కింద ఉన్నవాణ్ని ఎలా రోడ్డున పడేస్తుందో ఇంత స్పష్టంగా చూపించే కథ నాకు ఇంకోటి దొరకలేదు.

మహా మాంద్యంలో పత్తి ధర కుప్పకూలింది. 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం వ్యవసాయ సర్దుబాటు చట్టం తెచ్చింది. సరుకు తగ్గిస్తే ధర లేస్తుందని లెక్క. అప్పటికే చేలు ఎదిగి ఉన్నాయి. ఆ ఏడు సుమారు కోటి ఎకరాల పత్తిని దున్నించేసి అందుకు డబ్బిచ్చారు. ఇచ్చింది భూయజమానికి. దక్షిణ రాష్ట్రాల్లో సేద్యం చేసేది మాత్రం చాలాచోట్ల కౌలుదార్లు, పంటలో వాటాకు చేసే పాలేర్లు. వాళ్ల వాటా వాళ్లకు పంచే బాధ్యత కూడా యజమానికే అప్పగించారు. పంచినవాడు పంచాడు, పాత బాకీ కింద జమ వేసుకున్నవాడు వేసుకున్నాడు.

1934-35 ఒప్పందంలో ఒక షరతు పెట్టారు. వీలైనంత మేరకు పాత సంఖ్యలోనే కౌలుదార్లను ఉంచుకోవాలట. వీలు కాలేదంటే అడిగే దిక్కెవరు? ఒక్కసారి యజమాని వైపు నుంచి లెక్క చూడండి. విస్తీర్ణం తగ్గిస్తే డబ్బొస్తుంది. విస్తీర్ణం తగ్గితే అంతమంది అక్కర్లేదు. వాళ్లను సాగనంపితే వాటా పంచక్కర్లేదు. వాళ్ల మీద కోపమేమీ ఉండక్కర్లేదు, ఈ లెక్క చాలు. కుటుంబాలకు కుటుంబాలు సామాన్లతో రోడ్డు పక్కన పడ్డాయి.

1934 జులైలో అర్కాన్సాలోని టైరన్జా దగ్గర నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి దక్షిణ కౌలురైతుల సంఘం పెట్టుకున్నారు. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో రెండు జాతులవాళ్లు ఒక గదిలో కూర్చోవడమే పెద్ద సాహసం. అటు ప్రభుత్వంలోనూ కొందరు లాయర్లు షరతుకు గట్టి అర్థం చెప్పారు, సంఖ్య ఒక్కటే కాదు, అదే మనుషులను ఉంచాలని. 1935 ఫిబ్రవరిలో వాళ్ల పెద్ద జెరోమ్ ఫ్రాంక్‌ను, ఇంకొందరిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. వ్యవసాయ మంత్రి హెన్రీ వాలెస్ పేదల పక్షమనే పేరున్నవాడే, కానీ కాంగ్రెస్‌లో దక్షిణాది భూస్వాముల బలం ముందు ఆయన నిలబడలేదు. తర్వాతి కాలంలో ట్రాక్టర్లు వచ్చాయి. వాటికి పెట్టుబడి ఎక్కడిదో మీరే ఊహించండి.

సందేహాలరాయుడు
ఇది నాకు అస్సలు తెలియదు. థాంక్స్ అండి. కానీ ఇది తొంభై ఏళ్ల నాటి సంగతి. ఇప్పుడు డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలోకి వస్తోంది కదా, మధ్యలో యజమాని చేయి ఉండదు కదా?

పద్దులపుస్తకం
చేయి ఉండదు, కౌలు రేటు ఉంటుంది. ఎకరానికి ఇంత అని సాయం వస్తుందని తెలిశాక భూమి ఇచ్చేవాడు కౌలు పెంచుతాడు. అమెరికా కమతాల మీద బారెట్ కిర్వాన్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో, సబ్సిడీ డాలర్‌లో సుమారు 25 సెంట్లు కౌలు రూపంలో భూయజమానికి పోతున్నాయని తేలింది. అంతకుముందు ఆర్థికవేత్తలు మొత్తం డాలరూ పోతుందేమో అనుకునేవారు, ఆ లెక్కన ఇది నయమే. దీర్ఘకాలంలో భూమి ధరలోనూ కలిసిపోతుంది. కొత్తగా సేద్యంలోకి వద్దామనుకునే కుర్రాడికి అదే అడ్డం.

ఐరోపాలో 2003 సంస్కరణలతో సాయాన్ని పంట నుంచి విడదీసి ప్రధానంగా విస్తీర్ణానికి కట్టారు. ఏ పంట వేసినా డబ్బొస్తుంది. 1980ల నాటి వెన్న కొండలు, వైన్ చెరువులు, అంటే అమ్ముడుపోని మిగులు నిల్వలు, అంతకుముందు నుంచే తగ్గుతూ వచ్చి పోయాయి, అది మంచిదే. కానీ నేరుగా ఇచ్చే సాయంలో దాదాపు 80 శాతం 20 శాతం మంది చేతికే పోతుందన్న లెక్క ఏళ్ల తరబడి అలాగే ఉంది. భూమి ఎవరిదో డబ్బు వాళ్లది. ఇందులో కూలీకి స్థానమే లేదు, ఎందుకంటే కూలీకి ఎకరాలు లేవు.

మూడోపంట
సుంకం వైపు కూడా ఇలాంటిదే ఒకటి ఉంది, అమెరికా చక్కెర. దిగుమతులకు కోటా పెట్టి, కోటా దాటితే భారీ సుంకం వేసి, లోపలి ధరను ప్రపంచ ధర కంటే ఎప్పుడూ ఎత్తులో ఉంచుతారు. అంటే నాగలిచాలు గారు కోరుకునే రక్షణ నిండుగా ఉన్న పంట. మరి ఆ చెరకు కోసినవాళ్ల సంగతి? ఫ్లోరిడాలో 1990ల మధ్య వరకు చేతి కోతే. కరీబియన్ దీవుల నుంచి, ముఖ్యంగా జమైకా నుంచి, తాత్కాలిక వీసా మీద మనుషులను తెచ్చేవారు. ఆ వీసా ఒక్క యజమానికే కట్టి ఉంటుంది. ఎదురు మాట్లాడితే ఇంటికి పంపేస్తారు, మళ్లీ ఏడాది పిలుపు రాదు. కూలి ఎగ్గొట్టారని 1989లో కోతవాళ్లు కోర్టుకు వెళ్లారు. ఏళ్లు గడిచాయి. ఈలోపు యంత్రాలు దిగాయి, చేతి కోత ఆగిపోయింది. చక్కెర ధరకు రక్షణ మాత్రం ఆగలేదు.

ఇక్కడ పని ఉంది, ధర ఉంది, సుంకం ఉంది. బేరమాడే హక్కు లేదు. అందుకే ఏమీ చేరలేదు.

నాగలిచాలు
ఒప్పుకుంటాను, రక్షణ ఒక్కటే చాలదు. కానీ రక్షణ లేకపోతే చాలదనే మాటకు కూడా చోటు ఉండదు. మెక్సికో మొక్కజొన్న చూడండి. 1994 జనవరి 1న ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. మొక్కజొన్నకు 2008 దాకా మెల్లగా తగ్గే రక్షణ రాసుకున్నారు. మెక్సికో ప్రభుత్వమే కోటా దాటిన సరుకును కూడా సుంకం లేకుండా రానిచ్చింది. రాసుకున్న గడువును వాడుకోలేదన్నమాట. పరిహారంగా ప్రోకాంపో అని హెక్టారుకు ఇంత చొప్పున ఇచ్చారు. అది చిన్న రైతులకూ కొంత అందింది. మార్కెటింగ్ సాయం పేరుతో ఇచ్చినది మాత్రం ఎక్కువగా ఉత్తరాదిలో నీటి వసతి ఉన్న పెద్ద రైతులకే పోయింది. వర్షాధారం మీద బతికే దక్షిణాది పల్లెలు వలసలతో ఖాళీ అయ్యాయి.

వలసపిట్ట
ఆ వలస వెళ్లినవాళ్లు ఎక్కడ తేలారో కూడా చెప్పండి మరి. కొందరు సరిహద్దు దాటారు. ఇంకెందరో మెక్సికోలోనే బాహా కాలిఫోర్నియాకు చేరారు. అక్కడ శాన్ క్వింటిన్ లోయ నిండా స్ట్రాబెర్రీ, టమాటా తోటలు, సరుకంతా అమెరికాకే. అప్పట్లో అదే ఒప్పందం వల్ల ఆ పళ్లకు సుంకం ఉండేది కాదు. ఎగుమతిదారులకు పండగ. పని బోలెడు. నాగలిచాలు గారి లెక్క ప్రకారం బేరానికి అదే అదను కావాలి. 2015 మార్చి 17న దక్షిణాది రాష్ట్రం ఒహాకా నుంచి వచ్చిన మిక్స్‌టెక్, ట్రికి ఆదివాసీ కూలీలు, ఇంకా వేలమంది పని ఆపి రోడ్డు దిగ్బంధం చేశారు. రోజుకూలి పెంచమని, చట్టంలో ఉన్న సామాజిక బీమా నిజంగా ఇవ్వమని, మేస్త్రీల లైంగిక వేధింపులు ఆపమని. అది కూడా పళ్లు కోతకొచ్చే రోజులు చూసుకుని.

అంటే ఒకే ఒప్పందం ఒకచోట పంట పోగొట్టింది, ఇంకోచోట పంట పెంచింది. రెండు చోట్లా నష్టం మోసినవాళ్లు ఒకే ఇళ్లవాళ్లు. అసలు దీన్ని లాభనష్టాల పట్టికలో ఏ వరుసలో వేస్తారు?

పద్దులపుస్తకం
వేరే వరుసల్లోనే వేస్తారు. ఒకటి రైతు ఆదాయం, ఇంకోటి ఎగుమతి విలువ. అందుకే ఆ మనిషి కనబడడు.

గట్టుమీదవేప
2018 సోయా గొడవ ఎవరూ ఎత్తలేదేంటి? ట్రంప్ చైనా సరుకు మీద సుంకాలు వేస్తే, జులైలో చైనా తిరిగి అమెరికా సోయా మీద 25 శాతం వేసింది. 2017లో చైనాకు సుమారు 1,220 కోట్ల డాలర్ల సోయా పోయింది, 2018లో అది 310 కోట్లకు పడింది. కొనుగోళ్లు బ్రెజిల్‌కు మళ్లాయి. తన సుంకం వల్ల దెబ్బతిన్న తన రైతులకే పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. రెండేళ్ల ప్యాకేజీల కింద దాదాపు 2,300 కోట్ల డాలర్లు. ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో పెట్టడమే.

సోయాలో మనుషుల పని తక్కువ కాబట్టి కూలీ ప్రశ్న అంతగా రాదు. చెర్రీల సంగతి వేరు, అవి చేత్తో కోసేవి. చైనా వాటినీ వదల్లేదు. 2018లో తోట యజమానులకు పౌనుకు 16 సెంట్ల చొప్పున సాయం అందింది. కోసేవాళ్లకు పౌనుకు సున్నా.

ఖుల్లామార్కెట్
కొత్తగా చేరాను, నమస్తే అందరికీ. ఇంత గొడవ ఎందుకండీ, సుంకాలు, సబ్సిడీలు రెండూ ఎత్తేస్తే పోలా? న్యూజిలాండ్ 1984లో చేసి చూపించింది. ఆర్థికమంత్రి రోజర్ డగ్లస్ వ్యవసాయ సబ్సిడీలు దాదాపు అన్నీ పీకేశాడు. పది శాతం కమతాలు మునుగుతాయని భయపెట్టారు, చివరికి అప్పులకు అమ్ముకోవాల్సి వచ్చింది సుమారు ఒక శాతమే. ఈరోజు అక్కడి పాడి పరిశ్రమను చూసి ప్రపంచం అసూయపడుతుంది.

పాతకాగితాలు
స్వాగతం. కమతాల లెక్క నిజమే, దాన్ని కాదనను. మీరు లెక్కపెట్టింది కమతాలనే. సబ్సిడీ రోజుల్లో గొర్రె తలకు లాభం ఉండేది కాబట్టి 1982 నాటికి అక్కడ 7 కోట్ల గొర్రెలు ఉండేవి. మద్దతు పోయాక మందలు తగ్గాయి. మందలు తగ్గితే ఉన్ని కత్తిరించేవాళ్లకు పని తగ్గింది, మాంసం ప్యాక్ చేసే కర్మాగారాలు మూతపడ్డాయి. 1986లో హాక్స్ బేలో వకాటు కర్మాగారం మూసేస్తే ఆ చుట్టుపక్కల మూలవాసులైన మావోరీ కుటుంబాలకు తగిలిన దెబ్బ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. భూమి ఉన్న రైతు పంట మార్చాడు, అప్పు తిరగరాయించుకున్నాడు, అవసరమైతే ఒక ముక్క అమ్మాడు. కర్మాగారం గేటు దగ్గర నిలబడ్డవాడికి అమ్మడానికి ఏముంది?

ఖుల్లామార్కెట్
ఏ మార్పులోనైనా కొందరికి కష్టం తప్పదు కదా. అలాగని శాశ్వతంగా పోషించాలా?

పాతకాగితాలు
శాశ్వతంగా అనలేదు. మార్పు ఖర్చు ఎవరు మోశారన్నదే నేను అడిగేది.

పద్దులపుస్తకం
ఒకరు ఎత్తేసినంత మాత్రాన పక్కవాడు ఎత్తేయడు, అదీ చిక్కు. పత్తి చూడండి. అమెరికా సబ్సిడీల వల్ల ప్రపంచ ధర పడిపోతోందని బ్రెజిల్ 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లి గెలిచింది. అమెరికా ఏం చేసింది? సబ్సిడీ ఆపడానికి బదులు, 2010 నుంచి బ్రెజిల్ పత్తి రైతుల నిధికి ఏటా 14.73 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. 2014లో ఇంకో 30 కోట్లతో కేసు ముగించింది. తన రైతులకు సబ్సిడీ కొనసాగించడానికి పరాయి రైతులకూ సబ్సిడీ! బ్రెజిల్‌కు కోర్టులో పోరాడే స్తోమత, ఎదురు సుంకాలు వేస్తామని బెదిరించే బలం ఉన్నాయి. బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి 2003లోనే ఇదే మొర పెట్టుకున్నాయి. వాటికి అలాంటి చెక్కులేమీ అందలేదు. సహారా కింది ఆ దేశాల్లో పత్తి తీసేది ఎక్కువగా ఇంటిల్లిపాదీ కలిసి. కూలీ, రైతు ఒకే మనిషి. ధర పడితే రెండు పాత్రల్లోనూ అతనే నష్టపోతాడు.

ఎగుమతి సబ్సిడీలు ఎత్తేయాలని 2015లో నైరోబిలో జరిగిన ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశంలో సభ్య దేశాలు ఒప్పుకున్నాయి. లోపల ఇచ్చే మద్దతు మీద మాత్రం మాట తెగలేదు.

సందేహాలరాయుడు
చాలా తెలిసింది. ఇంకొక్కటి అడుగుతాను. ధరకు గ్యారంటీ ఇస్తూనే కూలికి కూడా గ్యారంటీ రాసిన చట్టం ఎక్కడైనా ఉందా? లేక అది ఎవరికీ తట్టలేదా?

పాతకాగితాలు
ఉంది. బ్రిటన్, 1917. యుద్ధం మధ్యలో జర్మన్ జలాంతర్గాములు ఓడలను ముంచుతుంటే తిండికి కటకట వచ్చింది. ధాన్యోత్పత్తి చట్టం తెచ్చి గోధుమ, ఓట్స్‌కు కనీస ధర హామీ ఇచ్చారు. అదే చట్టంలో వ్యవసాయ కూలీకి వారానికి 25 షిల్లింగుల కనీస కూలి పెట్టి, రేట్లు నిర్ణయించే వేతన బోర్డు కూడా వేశారు. యజమానులు, కూలీల ప్రతినిధులు ఇద్దరూ అందులో కూర్చున్నారు. 1920 ఆగస్టుకు కనీస కూలి 46 షిల్లింగులకు చేరింది.

1921లో ప్రపంచ ధరలు పడిపోయి హామీ ఖజానాకు బరువవుతుందని తెలియగానే చట్టం రద్దు చేశారు. ధర హామీతో పాటు వేతన బోర్డూ పోయింది. రైతులకు చివరి పంటకు పరిహారం ఇచ్చారు. కూలీకి ఏమీ లేదు. రెండేళ్లు తిరిగేసరికి ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో వారం కూలి 25 షిల్లింగుల దగ్గర నిలబెట్టుకోవడానికే 1923లో సమ్మె చేయాల్సి వచ్చింది. మరుసటి ఏడు లేబర్ ప్రభుత్వం వేతన కమిటీలను మళ్లీ తెచ్చింది, ఈసారి ధరతో ముడి పెట్టకుండా.

మూడోపంట
ఇప్పటిది కావాలంటే ఐరోపా సమాఖ్య సబ్సిడీలకు పెట్టిన కార్మిక షరతు ఉంది. 2023 నుంచి ఇష్టమున్న దేశాలు, 2025 నుంచి అన్ని దేశాలూ అమలు చేయాలి. కూలీకి రాతపూర్వకంగా షరతులు చెప్పకపోయినా, పని దగ్గర భద్రత పాటించకపోయినా రైతుకొచ్చే సాయంలో కోత పడుతుంది.

వలసపిట్ట
కోత పడిన డబ్బు కూలీకి ఇస్తారా?

మూడోపంట
లేదు, ఖజానాకే. కూలి రేటు ఎంత ఉండాలన్నది కూడా ఆ షరతుల్లో లేదు.

నాగలిచాలు
అందుకే నాకు 1924 పద్ధతే నచ్చింది, కూలికి వేరే చట్టం, పంటకు వేరే చట్టం. కాకపోతే ఒక చిక్కుంది. రెండెకరాల కౌలురైతు దగ్గర కూడా కోతకు నలుగురు వస్తారు. పంట ధర పడిన ఏడు అతను కనీస కూలి ఎక్కడి నుంచి తెస్తాడు? పద్దులపుస్తకం గారూ, మీ దగ్గర దీనికి లెక్క ఉందా?

పద్దులపుస్తకం
ఎకరాల మీద పంచే డబ్బులో కొంత భాగాన్ని పనిదినాల మీదకు మళ్లిస్తే అతనికి ఊపిరి ఆడుతుంది. పెద్ద కమతాలకు పోయేది తగ్గించాలి, వాళ్లు ఒప్పుకోరు. 1935లో ఒప్పుకోలేదని ఇప్పుడే చదివాం కదా. రేపు కూర్చుని ఒక ఊహా కమతానికి అంకెలు వేసి పెడతాను, తప్పులుంటే పట్టుకోండి.